పువ్వు ఫొటో సాక్ష్యం చెప్పాలి

మీలో చాలామంది పువ్వుల ఫొటోలు తీసే ఉంటారు. అమ్మ ఫోనో, అన్నయ్య ఫోనో కాసేపు చేతికి దొరికితే చాలు, పెరట్లోకి పరుగెత్తి మందార పువ్వు ముందు నిలబడతారు. మంచిదే. అయితే ఒక ప్రశ్న అడుగుతాను. ఆ ఫొటోను మాత్రమే చూసి మీరు పువ్వును గురించి ఏమైనా చెప్పగలరా? ఆకర్షణ పత్రాలెన్ని, కేసరాలు ఎక్కడి నుంచి పుట్టాయి, కీలాగ్రం ఎట్లా ఉంది, ఇవన్నీ అందులో కనిపిస్తున్నాయా? కనిపించకపోతే అది అందమైన రంగుల కాగితం అవుతుందే గాని పువ్వు ఫొటో కాదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి రాలేదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల వచ్చింది. ముందుగా ఆ సంగతి చెబుతాను.

బహుమతి ఎవరికి?

కొన్నేళ్ళ క్రితం బడిలో విజ్ఞాన ప్రదర్శన జరిగింది. అందులో పువ్వుల ఫొటోల పోటీ ఒకటి పెట్టాం. న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకణ్ణి. వడపోతలన్నీ అయ్యాక రెండు ఫొటోలు మిగిలాయి. మొదటిది తొమ్మిదో తరగతి అమ్మాయి తీసిన ఎర్ర మందారం. నిగనిగలాడిపోతోంది. రేకుల మీద ముత్యాల్లాంటి నీటిబొట్లు. వెనకంతా మెత్తగా మసకబారిన పచ్చదనం. రెండోది ఎనిమిదో తరగతి అబ్బాయి తీసిన గడ్డిచామంతి. గడ్డిచామంతి మీకు తెలుసు గదా? చేల గట్ల మీద, బడి గోడ పక్కన, ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఆటల్లో మోకాలు గీరుకుంటే ఆకు పసరు పిండుకుంటారే, ఆ మొక్క. ఫొటోలో రంగులు కాస్త వెలిసినట్లున్నాయి. పువ్వు పక్కన స్కేలు పెట్టి ఉంది. అట్ట మీద పెన్సిలుతో తేదీ, వేళ రాసి ఉన్నాయి.

మేము మందారానికి మొదటి బహుమతి ఇచ్చాం. గడ్డిచామంతికి ఏమీ ఇవ్వలేదు.

సాయంత్రం బల్లలు సర్దుతూ ఆ అమ్మాయిని ఊరికే అడిగాను. "ఏమ్మా, ఈ కీలాగ్రానికి ఎన్ని శాఖలున్నాయి?" అమ్మాయి ఫొటోలో లెక్కపెట్టి "మూడు సార్" అంది. మందారానికి ఉండేవి ఐదు. నేనూ దగ్గరికి వెళ్ళి చూశాను. నిజంగానే మూడే కనిపిస్తున్నాయి! తక్కిన రెండింటినీ ఫోను చెరిపేసింది. మనుషుల ముఖాలు తీసేటప్పుడు వెనక ఉన్నదాన్ని మసకపరిచే ఏర్పాటు ఒకటి ఫోన్లలో ఉంటుంది. ఏది ముందు, ఏది వెనక అని ఫోను తానే లెక్క వేసుకుంటుంది. వెనకదని దానికి తోచినదాన్ని కృత్రిమంగా అలికేస్తుంది. సన్నటి రెండు శాఖలూ దాని లెక్కలో వెనకభాగం కింద జమపడ్డాయి. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఫొటోలోని పువ్వును ఒక్కసారైనా లెక్కపెట్టి చూడకుండా బహుమతి ఇచ్చిన సైన్సు మాస్టారిదే తప్పు.

అప్పుడు గడ్డిచామంతి ఫొటోను మళ్ళీ చూశాను. అంచున తెల్లటి పుష్పకాలు ఐదు. ఒక్కొక్కదాని కొసన మూడు పళ్ళు. మధ్యలో పసుపుపచ్చని గొట్టాల్లాంటి పుష్పకాలు విడివిడిగా లెక్కకు వస్తున్నాయి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిన్న చిన్న పువ్వుల గుంపు అని తరగతిలో చెబుతాం గదా, ఆ పాఠమంతా అందులో ఉంది.

మరుసటి ఏడు ఆ అబ్బాయి పోటీకి ఫొటో తేలేదు. ఎందుకని అడిగితే, "మా అమ్మ ఫోనులో రంగులు అట్లా రావు సార్" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. మంచి ఫొటో కావాలంటే ఖరీదైన ఫోను కావాలని ఆ పిల్లవాడికి నేర్పింది మేమే. అది నిజం కాదు. ఎందుకు కాదో ఒక్కొక్కటిగా చూద్దాం.

దగ్గరికి వెళితే మసక ఎందుకు?

పువ్వు పెద్దదిగా కనిపించాలని ఫోనును దాని మీదికి ఆనించినంత పని చేస్తాం. బొమ్మ మసకబారుతుంది. ఫోను పాతది గనుక ఇట్లా వచ్చిందని సరిపెట్టుకుంటాం. కాని ఇది కటక సూత్రం చేసే పని. ఫోను కెమెరాలో ఉన్నది చిన్న కుంభాకార కటకాల కూర్పు. దాని నాభ్యంతరం 5 మిల్లీమీటర్లు అనుకుందాం. దూరాన ఉన్న కొండ ప్రతిబింబం కటకానికి 5 మిల్లీమీటర్ల వెనక ఏర్పడుతుంది. 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పువ్వు ప్రతిబింబం 5.26 మిల్లీమీటర్ల దగ్గర ఏర్పడుతుంది. 5 సెంటీమీటర్ల దూరానికి వస్తే 5.56 మిల్లీమీటర్లు. కటక సూత్రం తెలిసినవారు లెక్క వేసి చూసుకోండి. అంటే దగ్గరికి వెళ్ళేకొద్దీ కటకం ముందుకు జరగాలి. పలచటి ఫోనులో అది జరగడానికి ఉన్న చోటు ఎంత? మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. ఆ హద్దు దాటి మనం ముందుకు వెళితే పాపం అది ఏం చేస్తుంది?

కనుక మొదటి మెరుగు ఏమిటంటే, ఒక అడుగు వెనక్కి వేయండి. జానెడు దూరం నుంచి స్పష్టంగా తీసి, తర్వాత కావలసిన భాగాన్ని కత్తిరించుకోండి. 12 మెగాపిక్సెళ్ళ ఫొటోలో అడ్డంగా సుమారు 4000 చుక్కలుంటాయి. అడ్డంగా 16 సెంటీమీటర్ల మేర పట్టేటట్లు తీస్తే మిల్లీమీటరుకు 25 చుక్కలు వస్తాయి. 12 మిల్లీమీటర్ల గడ్డిచామంతి తల 300 చుక్కల వెడల్పున పడుతుంది. రేకుల కొసన ఉన్న పళ్ళు లెక్కపెట్టడానికి అది చాలు.

ఇంకా దగ్గరగా చూడాలంటే బడి ప్రయోగశాలలోని కుంభాకార కటకాన్నో, ఇంట్లోని భూతద్దాన్నో ఫోను కటకానికి ఆనించి పట్టుకోండి. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకాన్ని పెడితే, విడిగా 10 సెంటీమీటర్ల వరకే చూడగల ఫోను 5 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా చూడగలుగుతుంది. దగ్గరి చూపు ఆనని తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకోగానే పేపరు చదవగలిగినట్లే అన్నమాట. ఒక జాగ్రత్త చెప్పాలి. పని అయిపోగానే భూతద్దాన్ని ఎండలో వదిలేయకండి. ఎండుగడ్డి అంటుకోగలదు.

లోతు సంగతి

పువ్వు అంతా ఒకే దూరంలో ఉండదు. దగ్గరి నుంచి తీసేటప్పుడు స్పష్టంగా పడే మందం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. దాని ముందున్నదీ వెనకున్నదీ మసకబారుతాయి. మందారాన్ని ఎదురుగా తీసి చూడండి. కేసరాల గొట్టం కెమెరా వైపు వేలు చాపినట్లు పొడుచుకొని వస్తుంది. కీలాగ్రం స్పష్టంగా పడితే రేకులు మసక, రేకులు స్పష్టంగా పడితే కీలాగ్రం మసక. అదే పువ్వును పక్క నుంచి తీయండి. కేసరాల గొట్టం మొత్తం కెమెరాకు ఒకే దూరంలో ఉంటుంది. పరాగకోశాలూ, చివరన ఐదు శాఖలూ అన్నీ పడతాయి. ఖర్చు ఏమీ లేదు, మనం నిలబడే చోటు మారింది, అంతే.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. మీరు చూపించదలచుకున్న భాగం ఏ తలంలో ఉందో ఫోనును దానికి సమాంతరంగా పట్టుకోవాలి. దూరాన్ని రెట్టింపు చేస్తే స్పష్టంగా పడే మందం సుమారు నాలుగు రెట్లవుతుంది. వెనక్కి జరగమని పైన చెప్పడానికి ఇది రెండో కారణం.

వెలుతురు, గాలి

మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన పువ్వుకు ఒక పక్క మెరుపు, ఇంకో పక్క నల్లని నీడ వస్తాయి. రెండు చోట్లా వివరాలు పోతాయి. ఉదయం ఎండ ముదరక ముందు తీయండి. లేదా ఒక స్నేహితుడి చేత తెల్లటి పలచని గుడ్డను ఎండకు అడ్డంగా పట్టించండి. పాత తెల్ల పంచె ముక్క చాలు. నీడ పడే వైపు తెల్ల కాగితం పెడితే ఆ కాగితం మీద పడ్డ వెలుగు తిరిగి పువ్వు మీద పడుతుంది. ఫోను దీపం మాత్రం దగ్గర వస్తువుకు పనికిరాదు. ముందున్న భాగాన్ని తెల్లగా కాల్చేసినట్లు చేస్తుంది.

ఎర్ర పువ్వులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కెమెరా లోపలి ఫలకం మీద లక్షల కొద్దీ చిన్న గదులుంటాయి. ఒక్కొక్క గది మీద ఒక రంగు జల్లెడ ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976 లో పేటెంటు లభించింది. ఇందులో ప్రతి నాలుగు గదుల్లో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించారు. ఎర్ర మందారం నుంచి వచ్చే కాంతిలో దాదాపు అంతా ఎరుపే గనుక ఎరుపు గదులు త్వరగా నిండిపోతాయి. గ్లాసు నిండిన తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా పొర్లిపోవడమే గదా! రేకు మీద ఎక్కువ వెలుతురు పడ్డ చోటూ, తక్కువ పడ్డ చోటూ ఒకే ఎరుపుగా తేలుతాయి. ఈనెలు మాయమవుతాయి. దీనికి మందు సులువు. ఫోను తెర మీద పువ్వును వేలితో తాకండి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి జరిపి బొమ్మను కాస్త చీకటి చేయండి. ఈనెలు మళ్ళీ కనిపిస్తాయి. నందివర్ధనం, మల్లె వంటి తెల్ల పువ్వులకూ ఇదే మందు.

ఇక గాలి. సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో ఊగే పువ్వును సెకనులో 50 వ వంతు కాలం పాటు తీస్తే, ఆ లోపల అది 2 మిల్లీమీటర్లు కదులుతుంది. 500 వ వంతు కాలంలో తీస్తే 0.2 మిల్లీమీటరే కదులుతుంది. వెలుతురు బాగా ఉంటే ఫోను తనంతట తానే తక్కువ కాలం ఎంచుకుంటుంది. అందుకని వెలుతురు తగ్గిన సాయంకాలం కంటే నిశ్చలంగా ఉండే ఉదయం మేలు. పరీక్ష అట్టను గాలికి అడ్డంగా పెట్టండి. మోచేతులు డొక్కలకు ఆనించుకోండి. పది ఫొటోలు తీసి ఒకటి ఉంచుకోండి.

ముందు కన్ను, తర్వాత ఫోను

ఇవన్నీ పాటించినా ఒకటి లేకపోతే ఫొటో బాగుపడదు. అది పువ్వుతో పరిచయం. తీయడానికి ముందు పది నిమిషాలు దాని దగ్గర కూర్చోండి. నోటుపుస్తకంలో పెన్సిలుతో బొమ్మ గీయండి. గీసేటప్పుడు చెయ్యి ఆగిపోయిన చోటల్లా ఒక ప్రశ్న పుడుతుంది. ఈ రేకు పక్క రేకు పైకి ఎక్కిందా, కిందికి దిగిందా? మందారం రక్షక పత్రాల కింద ఇంకో వరస చిన్న ఆకులు ఎందుకున్నాయి? అట్లా ప్రశ్న పుడితే ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి ఫొటో తీయాలో దానంతటదే తెలుస్తుంది.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే ఉపాధ్యాయుడుండేవాడు. 1865 లో పుట్టి 1932 లో చనిపోయాడు. బెర్లిన్ నగరంలో కళలు నేర్పే పాఠశాలలో మొక్కల రూపాలను గురించి పాఠం చెప్పేవాడు. మొగ్గలు, తీగల కొసలు, గింజల తొడుగులు తన విద్యార్థులకు బాగా కనిపించాలని, స్వయంగా తయారు చేసుకున్న కెమెరాతో వాటిని 30 రెట్ల దాకా పెద్దవి చేసి ఫొటోలు తీశాడు. దశాబ్దాల పాటు అవి పాఠం చెప్పడానికే పనికి వచ్చాయి. 1928 లో పుస్తకంగా వచ్చాకనే లోకం వాటి అందాన్ని గమనించింది. చూడండి, ఆయన కోరింది విద్యార్థులకు స్పష్టంగా కనిపించడం. అందం వెనకాలే వచ్చింది. ఆయన మొక్కలను కోసి, సరిచేసి అమర్చుకునేవాడు. మనకు ఆ అవసరం లేదు. మొక్క మీదే ఉంచి తీయండి. అప్పుడు సాయంత్రం అదే పువ్వు వాడిపోవడాన్ని కూడా ఫొటో తీయవచ్చు.

అబద్ధం చెప్పని ఫొటో

నీళ్ళు చల్లి మంచుబిందువులని చూపించడం నాకు ఇష్టం లేదు. నీళ్ళు పడితే పుప్పొడి తడిసి ముద్దవుతుంది. రంగులు పెంచడం కూడా అంతే. లేత ఊదా రంగు పువ్వును ముదురు నీలంగా చేసి చూపిస్తే, రేపు ఇంకొకరు ఆ ఫొటో పట్టుకొని మొక్కను వెతికితే వారికి దొరకదు. ఫోను తనంతట తాను చేసే మార్పులు ఎలాగూ ఉన్నాయి. ఒక్కొక్క గది ఒక్క రంగునే చూస్తుందని చెప్పాను గదా, తక్కిన రెండు రంగులను పక్క గదులను బట్టి లెక్క కట్టి నింపుతుంది. దాని మీద మనం కూడా కల్పనలు చేర్చడం ఎందుకు?

నిజానికి మన కన్ను చూసే రంగు కూడా సంపూర్ణం కాదు. తేనెటీగలు రంగులను గుర్తించగలవని కార్ల్ ఫాన్ ఫ్రిష్ ప్రయోగాలు చేసి రుజువు చేశాడు. తేనెటీగల ప్రవర్తన మీద చేసిన పరిశోధనలకు 1973 లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి తేనెటీగలకు కనిపిస్తుంది. మనకు ఒకే రంగుగా తోచే కొన్ని రేకుల మీద వాటికి గీతలూ మచ్చలూ తెలుస్తాయి. అంటే పువ్వులో మనం చూడగలిగింది కొంతే. ఆ కొంతనైనా ఉన్నదున్నట్లు చూపించడం మన బాధ్యత.

అందుకే ఫొటోలో స్కేలు ఉండాలి. కింద తేదీ, వేళ, చోటు రాయాలి. ఏమైనా మార్చి ఉంటే అది కూడా రాయాలి. కత్తిరించానని రాయడం సిగ్గుపడవలసిన పని కాదు.

"ఫొటో అందంగా ఉండకూడదా మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. తప్పకుండా ఉండవచ్చు. పండగనాడు అమ్మమ్మకు పంపే ఫొటోకు మీకు తోచిన ముస్తాబు చేసుకోండి. సైన్సు పేరిట గోడకు అంటించే ఫొటో మాత్రం సాక్షి బోనులో నిలబడ్డట్లు ఉండాలి. "పిల్లల చేతికి ఫోను ఇవ్వవద్దు గదా?" అని పెద్దలు అనవచ్చు. వారి భయం సబబైనదే. తెర వైపు చూస్తూ కూర్చునే ఫోనుకూ, పువ్వు వైపు తిప్పిన ఫోనుకూ తేడా ఉందని వారికి చూపించవలసింది మీరే. వారానికి ఒక అరగంట, ఐదుగురికి ఒక ఫోను ఉంటే సరిపోతుంది. ఫోనే దొరకనివారు గీసిన బొమ్మకు కూడా ఈ పోటీల్లో సమానంగా చోటు ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఆనాటి నుంచి నా చేతికి వచ్చిన ప్రతి పువ్వు ఫొటోనూ మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఇందులో ఏం లెక్కపెట్టవచ్చు? దీని కొలత ఎంత? ఎప్పుడు, ఎక్కడ తీశారు? ఈ మూడింటికీ జవాబు చెప్పే ఫొటో పగిలిన తెర ఫోనుతో తీసినా నాకు మొదటిదే. ఆ అబ్బాయికి ఇవ్వవలసిన బహుమతి నేను వెనక్కి వెళ్ళి ఇవ్వలేను. మీ ఫోను మంచిది కాదని మీరు వెనక్కి తగ్గకుండా చూడటం ఒక్కటే నా చేతిలో ఉంది.

గన్నేరు, ఉమ్మెత్త విషపూరితమైనవి. వాటిని ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. తేనెటీగ వాలి ఉంటే దాని పని పూర్తయ్యేదాకా ఆగండి. సాయంత్రం నాలుగైదు గంటల వేళ చంద్రకాంత విచ్చుకోవడం మొదలుపెడుతుంది. పావుగంటకు ఒకటి చొప్పున దాని ఫొటోలు తీసి వరసగా అంటించి చూడండి.

రేపు బడికి వచ్చే దారిలో గడ్డిచామంతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అంచున తెల్లనివి ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఐదు ఉండవచ్చు, ఆరు ఉండవచ్చు, నాలుగే ఉండవచ్చు. ఎన్ని ఉంటే అన్ని రాసుకోండి. ఫోను ఆ తర్వాత తీయండి.